మూడు అప్పగింత పుస్తకాలు, ఒక కెంపుల కంఠి: ఆలయ నగల జాబితాల టీఈఐ ఎన్‌కోడింగ్ (కేస్ స్టడీ)

నేపథ్యం

కోస్తా జిల్లాలో ఒక మధ్యస్థాయి ఆలయం. ఊరి పేరు, దేవుడి పేరు, ధర్మకర్తల ఇంటిపేర్లు ఇక్కడ ఇవ్వడం లేదు. నగల సంగతి రాసేటప్పుడు అది మర్యాద మాత్రమే కాదు, జాగ్రత్త కూడా. 1863 చట్టం ప్రభుత్వ పర్యవేక్షణలో ఉన్న ఆలయాలను ధర్మకర్తలకు, కమిటీలకు అప్పజెప్పింది. అప్పటి నుంచి ఈ ఆలయంలో ధర్మకర్త మారినప్పుడల్లా నగలు, పాత్రలు తూచి, రాసి, కొత్తవారి చేత సంతకం పెట్టించుకునే అలవాటు ఉంది. అలా రాసిన పుస్తకాల్లో మూడు మిగిలాయి. మొదటిది ఫసలీ (జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) 1301 నాటిది, గొలుసుకట్టు రాత. రెండవది 1913ది. మూడవది 1938ది, ఇంగ్లీషు గళ్ల రిజిస్టరులో తెలుగు రాత. మూడింట్లో వరుసగా 148, 131, 133 పద్దులు, మొత్తం 412. వీటిని టీఈఐలో (టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్: పాఠంలో ఏది ఏమిటో ట్యాగులతో కంప్యూటరుకు చెప్పే పద్ధతి) ఎన్‌కోడ్ చేసిన కథ ఇది.

మొదటి పుస్తకం అట్ట మీద ఫసలీతో పాటు 'ఖర నామ సంవత్సరం' అని కూడా ఉంది. ఫసలీ 1301 అంటే 1891 జూలై 1 నుంచి 1892 జూన్ 30 దాకా. ఖర సంవత్సరం 1891 ఏప్రిల్ ఉగాదికి మొదలై 1892 మార్చి నెలాఖరుతో ముగిసింది. రెండూ కలిసే భాగం 1891 జూలై నుంచి 1892 మార్చి వరకే. కనుక తేదీని ఒకే సంవత్సరంగా రాయకుండా 'ఇంతకు ముందు కాదు', 'ఇంతకు తర్వాత కాదు' అనే రెండు హద్దులతో ఎన్‌కోడ్ చేశారు. చిన్న విషయమే గానీ, తర్వాత షరా (వ్యాఖ్య) గడిలోని మరమ్మతుల కాలం తేల్చడానికి ఈ తొమ్మిది నెలల హద్దే ఆధారమైంది.

సమస్య

ఈ పుస్తకాలు ఎన్‌కోడింగ్ బృందం దగ్గరికి వచ్చేసరికే వాటి నుంచి ఒక స్ప్రెడ్‌షీట్ తయారై ఉంది. అందులో 967 వరుసలు. దాని ప్రకారం మొదటి పుస్తకానికీ రెండవ పుస్తకానికీ మధ్య సుమారు 800 గ్రాముల బంగారం తగ్గింది. ఊళ్లో అప్పటికే మాట పుట్టింది: ఫలానా వారి హయాములో నగలు పోయాయని. ఆలయం వారు అడిగింది సూటిగా మూడు ప్రశ్నలు. ఎన్ని నగలు ఉండేవి, ఎంత బంగారం, ఏవి కనబడడం లేదు?

అసలు గ్రంథాలు పక్కన పెట్టుకుని స్ప్రెడ్‌షీట్ చూస్తే మొదటి గంటలోనే మూడు దోషాలు బయటపడ్డాయి. మొదటి పుస్తకం తులాలను 11.66 గ్రాములతో, రెండవ పుస్తకం తులాలను 10 గ్రాములతో గుణించారు. ఎక్కించిన వారు ఇద్దరు. రెండో వారికి తులమంటే నేటి బంగారు కొట్టు తులం. పుస్తకాల్లో వెరశి (చివర వేసిన మొత్తం) మొదటిదానికి 312½ తులాలు, రెండవదానికి 284¼. తేడా 28¼ తులాలు, అంటే దాదాపు 329 గ్రాములు. మిగతా 470 గ్రాముల పైచిలుకు 'నష్టం' గుణకారంలో పుట్టిందే. 1913లో గానీ 1938లో గానీ తులం అంటే వెండి రూపాయి ఎత్తే: 180 గ్రెయిన్లు, 11.6638 గ్రాములు.

రెండో దోషం, పద్దుల మొత్తం వెరశితో కలవడం లేదు. మొదటి పుస్తకం పద్దులన్నీ కూడితే 297 వచ్చింది. మూడోది, 412 పద్దులు 967 వరుసలు ఎందుకయ్యాయి? 'ఇందు' అని మొదలయ్యే ప్రతి ఉపపద్దునూ, అంటే కంఠిలోని కెంపులను, పచ్చలను, పతకాన్ని, వేరే వస్తువులుగా వరుసల్లో పెట్టారు.

గీతలు చెప్పే భిన్నాలు

పదిహేనున్నర తులాలు ఎక్కడ జారిపోయాయో ముందు దాన్నే వెతికారు. ఒక పద్దు చూడండి:

కంఠి ౧ కి రాళ్లు లక్క సహా తు॥ ౧౨౺౼, ఇందు కెంపులు ౧౪, పచ్చలు ౬, పతకం ౧

పాత తెలుగు లెక్కల్లో భిన్నాలు నాలుగో వంతుల మీద నడుస్తాయి. అంకె పక్క మొదటి స్థానంలోని నిలువు గీతలు కాలు, అర, ముప్పాతిక. దాని పక్కనున్న అడ్డగీతలు వీసాలు: ఒక గీత పదహారో వంతు, రెండు గీతలు పరక, అంటే ఎనిమిదో వంతు. కాబట్టి పై కంఠి 12 తులాల అర మీద వీసం, దశాంశాల్లో 12.5625. రూపాయల్లోనూ ఇవే గీతలు: నిలువు గీత పావలా, అడ్డగీత అణా. పూర్వం ఏ కరణానికైనా ఇది కొట్టిన పిండి. స్ప్రెడ్‌షీట్ ఎక్కించిన వారికి మాత్రం నిలువు గీతలు పూర్ణవిరామాలుగా, అడ్డగీతలు హైఫన్లుగా కనిపించాయి. వాటిని వదిలేసి 12 అని ఎక్కించారు.

దీనిలోనే మరో ఉచ్చు ఉంది. 'తు॥' లోని జంట గీతలు భిన్నం కాదు, తులాలు అన్న మాటకు పొడి అక్షరం గుర్తు. 'రూ॥', 'వీ॥', 'ది॥' అన్నీ అంతే. చూపుకు అర గుర్తుకూ దీనికీ తేడా లేదు. ఉన్న చోటే తేడా. అక్షరం వెనక వస్తే పొడి గుర్తు, అంకె వెనక వస్తే అర. కంప్యూటర్లకు ప్రతి అక్షరాన్నీ వేరుగా నమోదు చేసే ప్రమాణమైన యూనికోడ్‌లో మాత్రం ఇవి పూర్తిగా వేరు. తెలుగు భిన్నాంకాలకు 2008లో వచ్చిన 5.1 కూర్పులోనే తెలుగు విభాగంలో స్థానాలు దక్కాయి; జంట దండ (॥) దేవనాగరి విభాగంలోది. కనుక లిప్యంతరీకరణ నియమాల్లో మొదటి వాక్యం ఇదే పెట్టారు: అంకె వెనక దండ టైపు చేయరాదు, అక్షరం వెనక భిన్నాంకం టైపు చేయరాదు. మామూలు కీబోర్డుల మీద ఈ గుర్తులు దొరకవు కాబట్టి ఎడిటర్‌లో ఏడు షార్ట్‌కట్లు కట్టారు. కొన్ని ఫాంట్లలో ఈ గీతల చోట ఖాళీ డబ్బాలు వస్తాయి. సరిచూసే వారి కంప్యూటర్లన్నిట్లో ఒకే ఫాంటు పెట్టకపోతే 'ఇక్కడేమీ లేదు' అని తుడిచేసే ప్రమాదం నిజంగానే ఉంది. ఒకసారి జరిగింది కూడా.

మొదట చేసినవి, పనిచేయనివి

రిజిస్టరు గళ్లలో ఉంది కాబట్టి పట్టికగా ఎన్‌కోడ్ చేద్దామన్నది మొదటి ఆలోచన. టీఈఐలో టేబుల్, రో, సెల్ ఎలిమెంట్లు (పట్టిక, వరుస, గడి ట్యాగులు) సిద్ధంగా ఉన్నాయి. 1938 పుస్తకానికి అది బాగానే సరిపోయింది. 1891 పుస్తకంలో గళ్లు గీసి లేవు, రాసినవారు ఊహలో పెట్టుకున్నారు. పేజీ కింది భాగానికి వచ్చేసరికి బరువు గడి షరా గడిలోకి జరిగింది. అది సర్దుకోవచ్చు. కానీ 'ఇందు' పద్దును మాత్రం పట్టిక మోయలేదు. కంఠి ఒక వరుస, దాని కెంపులు ఇంకో వరుస అయితే మళ్లీ స్ప్రెడ్‌షీట్ తప్పే. అందుకని పట్టిక వదిలి, జాబితాలో జాబితా పెట్టారు: పద్దు ఒక ఐటెమ్, 'ఇందు' దాని లోపలి లిస్ట్. గడులు ఎలా కనిపించేవో చూపడానికి పేజీ చిత్రాలు ఉన్నాయి కదా. ఎన్‌కోడింగ్ పట్టుకోవలసింది దేనిలో ఏది భాగమన్న సంబంధాన్ని.

రెండో ప్రయత్నం ఇంకా ఆశపెట్టింది, ఇంకా ఎక్కువ నష్టపెట్టింది. టీఈఐ 2019 మొదట్లో ఆబ్జెక్ట్ అనే ఎలిమెంట్ తెచ్చింది. వస్తువుకు పేరు, గుర్తింపు సంఖ్య, భౌతిక వివరణ, చరిత్ర అన్నీ దాని లోపల పెట్టవచ్చు. ప్రతి పద్దునూ ఒక ఆబ్జెక్ట్‌గా రాసేశారు. రెండు పుస్తకాలు పూర్తయ్యాక చూస్తే ఒక కిరీటానికి రెండు ఆబ్జెక్టులు, రెండు బరువులు, రెండు రాళ్ల లెక్కలు. రెండింటినీ కలిపితే ఏ బరువు ఉంచాలి? ఒకటి ఉంచితే రెండోది రాసిన గుమస్తా మాట పోతుంది. రెండూ ఉంచితే వస్తువుకు రెండు బరువులు.

తప్పు ఎలిమెంటుది కాదు. పద్దు అంటే నగ కాదు. ఫలానా రోజు ఫలానా చేయి ఆ నగ గురించి రాసిన మాట. వ్యక్తుల విషయంలో ఈ తేడా అందరికీ తెలుసు: శాసనంలో పేరు కనబడ్డ ప్రతిచోటా కొత్త మనిషిని పుట్టించరు కదా, పేరును గుర్తించి వ్యక్తుల జాబితాలోని ఒక పద్దుకు ముడివేస్తారు. వస్తువులకు వచ్చేసరికి బరువులు, అంకెలు కళ్లెదుట ఉండడంతో పద్దే వస్తువన్న భ్రమ కలుగుతుంది. దాదాపు 280 పద్దుల పని తిరగరాయవలసి వచ్చింది.

మూడో పొరపాటు కొట్టివేతలది. మొదటి పుస్తకంలో 27 పద్దుల మీద గీత ఉంది. కొట్టివేత కాబట్టి డెల్ (తొలగింపు) ఎలిమెంటు పెట్టారు. చూపించే పేజీలో ఆ 27 నగలూ 'తొలగించినవి'గా వచ్చాయి. అందులో 23 నగలు రెండవ పుస్తకంలో నిక్షేపంగా ఉన్నాయి! మళ్లీ చిత్రాలు పెద్దవి చేసి చూస్తే గీత పద్దు మీద కాదు, వరుస సంఖ్య మీద మొదలై మొదటి అక్షరం దగ్గర ఆగింది. సిరా కూడా వేరు. తూచి సరిచూసుకున్నాక పెట్టిన గీతలవి. వాటిని, పాఠంలో భాగం కాని పని గుర్తులు కాబట్టి, మెటామార్క్‌గా మార్చి, పని 'సరిచూసినది' అని రాశారు. మిగిలిన నాలుగింటికి గీత వరుస చివరిదాకా ఉంది, షరాలో కారణం కూడా ఉంది. అవే నిజమైన కొట్టివేతలు. అయినా అవి కూడా పద్దు కొట్టివేతలే; నగ ఏమైందన్నది షరా చెప్పాలి, గీత చెప్పదు.

నిలిచిన పద్ధతి

పనిని మూడు అరలుగా విడగొట్టారు.

మొదటి అర పుస్తకం పాఠం. ఇక్కడ నగ ప్రస్తావన వచ్చిన చోట ఆర్‌ఎస్ ఎలిమెంటు (ప్రస్తావనను గుర్తించే ట్యాగు), రకం వస్తువు, రెఫ్‌లో వస్తువు గుర్తింపు సంఖ్య. కొలతకు మెజర్: లోపల గుమస్తా రాసిన గీతలు యథాతథంగా, క్వాంటిటీలో 12.5625, యూనిట్‌లో ఆ పుస్తకపు తులం. నాలుగో వంతుల లెక్క కాబట్టి ఏ భిన్నమైనా దశాంశాల్లో కచ్చితంగా తెగుతుంది, రౌండు చేసే పని లేదు. గ్రాములు పాఠంలో ఎక్కడా రాయలేదు. ఫైలు తలభాగమైన హెడర్‌లోని యూనిట్ డిక్లరేషన్‌లో ప్రతి కొలతకూ నిర్వచనం, మార్పిడి సూత్రం ఒక్కసారే పెట్టారు. రేపు ఎవరైనా ఈ తులం 11.66 కాదని రుజువు చేస్తే మార్చవలసింది ఒక్క వరుస.

రాళ్లు లక్క సహా తూచారా, నికరమా అన్నది కూడా మెజర్ మీదే రకంగా పెట్టారు. ఇది పెట్టనప్పుడు జరిగే అనర్థం తర్వాత చూద్దాం.

ఇత్తడి, రాగి సామాను వీశలు, పలాల్లో ఉంది. మద్రాసు లెక్కలో పలం 3 తులాలు, వీశ 40 పలాలు, అంటే 120 తులాలు. కానీ వీశ ఊరూరికీ మారేది. పుస్తకం చూసి ఏ వీశో చెప్పడమెలా? వెరశి దగ్గర చూడాలి. ఒక పేజీలో పలాల గడి కూడితే 93, వెరశిలో పలాల చోట 13, వీశల్లోకి 2 ఎక్కాయి. 93లో 80 పోతే 13. కాబట్టి ఈ గుమస్తాకు వీశ అంటే 40 పలాలే. దాని ఆధారంగానే 6 వీశల 12 పలాల గంగాళం 756 తులాలు, 8.8 కిలోలు అని చెప్పగలిగారు. ధాన్యం కొలతలైన తూము, కుంచాలకు కూడా ఇదే ఉపాయం పనికొస్తుంది, వాటిలో తేడాలు ఇంకా ఎక్కువ.

వెరశిని తనిఖీకి వాడడం ఈ పనిలో అన్నిటికన్నా లాభించింది. పేజీలోని మెజర్ క్వాంటిటీల మొత్తం వెరశి క్వాంటిటీతో సమానం కాకపోతే హెచ్చరించే స్కీమాట్రాన్ (ఎన్‌కోడ్ చేసిన ఫైళ్లను తనిఖీ చేసే భాష) నియమం ఒకటి రాశారు. 'ఇందు' లోపలి కొలతలను కూడకుండా పైస్థాయి ఐటెమ్‌లనే కూడాలి. మొదటిసారి నడిపితే 41 పేజీల్లో 19 తప్పాయి. భిన్నాలు సరిదిద్దాక మూడు మిగిలాయి. రెండు చోట్ల తడికి సిరా అలుక్కుపోయి పరక, వీసం తేడా తెలియలేదు. వాటిని అన్‌క్లియర్‌గానే ఉంచి, వెరశిని బట్టి ఏది సరిపోతుందో నోట్‌లో రాశారు. మూడోది గుమస్తా కూడికలో తప్పు. ఆ అంకెను దిద్దలేదు. వెరశి ఆనాటి ఇద్దరు ధర్మకర్తలు సంతకం పెట్టిన అంకె; తప్పైనా అదే దస్తావేజు.

రెండో అర వస్తువుల జాబితా. లిస్ట్ ఆబ్జెక్ట్, పాఠానికి బయట స్టాండాఫ్‌లో. ఇక్కడ ఒక నగకు ఒకే ఆబ్జెక్ట్. అందులో బరువు లేదు! రకం, పదార్థం, ఏ విగ్రహానికి చెందినది అన్న స్థిరమైన సంగతులే ఉన్నాయి. బరువులన్నీ ప్రస్తావనల దగ్గరే, తేదీతో సహా ఉన్నాయి.

రెండు పద్దులు ఒకే నగవని ఎప్పుడు చెప్పాలి? దీనికి నియమం పెట్టుకోకపోతే ప్రతివారూ తమకు తోచినట్టు ముడివేస్తారు. ఈ మూడింట్లో కనీసం రెండు కలవాలన్నారు: విశేషమైన భాగాలు (రాళ్ల రకం, సంఖ్య, పతకం), దాత పేరు, ఏ విగ్రహానికి. బరువు ఆ మూడింట్లో లేదు, కావాలనే. ముడి మీద నమ్మకపు స్థాయి, ముడివేసినవారి గుర్తు తప్పనిసరి. 'కంఠి', 'కెంపుల కంఠి', 'రాళ్ల కంఠి' మూడు పేర్లూ ఒకే నగవి కావచ్చు. శఠారి, శఠగోపం మటుకు ఒకటే. పేర్లకు సొంత పదకోశం కట్టి, అంతర్జాతీయ పదకోశాలకు 'దీనికన్నా విస్తృతం' అన్న ముడి మాత్రమే వేశారు. శఠారిని కిరీటమనో, పాత్ర అనో రాస్తే వెతుకులాట సులువవుతుంది గానీ అర్థం నాశనమవుతుంది.

పదార్థం దగ్గర ఒక మాట. మలాం వేరు, తాపడం వేరు. మలాం పైపూత, తాపడం రేకు తొడుగు, విప్పి తూచవచ్చు. రెండింటినీ 'బంగారం' అని ఒకే ముద్ర కొడితే లెక్క మునుగుతుంది. అందుకే మెటీరియల్‌లో లోపలిది, పైది అని రెండు పాత్రలు పెట్టారు. వన్నెను (బంగారం మేలిమిని) క్యారెట్లలోకి మార్చలేదు. గీటురాయి మీద కంసాలి కన్ను చెప్పిన మాట అది, ప్రయోగశాల అంకె కాదు.

మూడో అర సంఘటనలు. షరాలో 'చెరిపి కవచమునకు వాడినది', 'కెంపు ౧ లేదు', 'మరమ్మతు' వంటి మాటలున్నాయి. వీటికి మ్యూజియం, వారసత్వ వస్తువుల సమాచారానికి వాడే సీడాక్ సీఆర్‌ఎం నమూనాలోని భావనలు బాగా కుదిరాయి: రాయి ఊడితే భాగం తొలగింపు, చెరిపి కొత్తది చేస్తే రూపాంతరం. రూపాంతరంలో పాత నగల ఉనికి ముగుస్తుంది, కొత్తది మొదలవుతుంది. షరాలో చేయి మారిన చోట హ్యాండ్ గుర్తు పెట్టారు. ఎందుకంటే ఆ మాట 1891 నాటిది కాదు, ఆ తర్వాత ఎప్పుడో రాసింది.

28¼ తులాల లెక్క

ఈ మూడు అరలు సిద్ధమయ్యాక ప్రశ్న మళ్లీ వేశారు.

పైన చెప్పిన కంఠి 1913లో ఇలా ఉంది: కెంపుల కంఠి ౧, రాళ్లు విప్పి లక్క తీసి తు॥ ౯౹, కెంపు ౧ లేదు. 12.5625 నుంచి 9.25కి దిగింది. బంగారం పోలేదు, మొదటిసారి లక్కనూ రాళ్లనూ బంగారంతో కలిపి తూచారు, రెండోసారి మరమ్మతుకు విప్పినప్పుడు నికరం తూచారు. ఇలాంటివి ఐదు నగలు, వాటి తేడా 16½ తులాలు. మూడు పాత నగలు చెరిపి కవచం చేయించినప్పుడు షరాలోనే తరుగు 2¼ అని రాసుంది. గొడుగు మీది కలశం ఒకటి 6 తులాలది, వెండి మీద బంగారు మలాం. మొదటి గుమస్తా బంగారు సామానులో రాశాడు, రెండో గుమస్తా వెండిలో రాశాడు. ఇంతవరకు 24¾.

మిగిలింది 3½ తులాలు, 41 గ్రాముల లోపు.

ఆలయం వారికి ఇచ్చిన నివేదికలో ఈ లెక్క పద్దు పద్దుకూ చిత్రంతో సహా ఉంది. బయటికి పెట్టిన కూర్పులో మొదటి రెండు పుస్తకాలే ఉన్నాయి. 1938 పుస్తకంలోని వాటిలో ఇప్పటికీ వాడుకలో ఉన్న నగలు చాలా ఉన్నాయి. ఏ పెట్టెలో ఏది ఉండేది, తాళం ఎవరి దగ్గర ఉండేది అన్నవి కూడా రాసున్నాయి. ఫైలు ఒక్కటే, కాని ప్రతి భాగానికీ ఎవరు చూడవచ్చన్న గుర్తు ఉంది. బయటి కూర్పు తయారుచేసే ప్రోగ్రాం, అంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ, గుర్తు లేని భాగాన్ని చూపించదు. గుర్తు పెట్టడం మరిచిపోతే దాగాలి గానీ బయటపడకూడదని ఆ దిశగా రాశారు.

ఆ 3½ తులాల కథ ఇది. మొదటి పుస్తకంలో ఉండి రెండోదాంట్లో కనబడని నగలు రెండు, కలిపి 5¼ తులాలు. రెండోదాంట్లో కొత్తగా కనబడ్డది ఒకటి, 1¾ తులాలు. ఆ రెండింటినీ చెరిపి దీన్ని చేశారని అనుకోవచ్చా? షరా ఏమీ చెప్పదు, పైగా 5¼లో 3½ తరుగు పోయిందంటే ఏ కంసాలీ ఒప్పుకోడు. ఆ రెండు నగలకు 'పోయినవి' అని రాయమని ఒత్తిడి వచ్చింది. రాయలేదు. ఆ రెండు ఆబ్జెక్టుల్లోనూ ఒకే నోట్ ఉంది: చివరి ప్రస్తావన 1891 జూలై, 1892 మార్చి మధ్య, 1913 పుస్తకంలో ప్రస్తావన లేదు.